ఇస్తాంబుల్ మెట్ల మీద ఒరిజినల్స్

అశోక్‌నగర్ హాస్టల్లో ముగ్గురం ఒకే గదిలో ఉంటూ గ్రూప్స్‌కు చదివిన ఆ రోజుల్లో, సిలబస్ తప్ప ప్రపంచంలోని మిగతా విషయాలన్నిటి మీదా మాకు గట్టి అభిప్రాయాలు ఉండేవి. అన్నిటికన్నా గట్టివి మా గదిలో పెద్దవాడైన డైరెక్టరన్నవి. (అప్పటికి ఆయన డైరెక్ట్ చేసింది మెస్ ముందు క్యూ ఒక్కటే.) ఫోన్‌తో ఒక గూఢచారి షార్ట్ ఫిల్మ్ తీసి యూట్యూబ్‌లో పెట్టాలని ఆయన పట్టుదల. "గూఢచారి సినిమాకు కథ ఎవనికి గావాలె తమ్మీ? లొకేషన్ గావాలె. మన గల్లీల గోడమీదికెళ్లి తొంగి చూస్తే దొంగ అంటరు. గదే విదేశంల చూస్తే ఏజెంట్ అంటరు," అనేవాడు.

చిక్కు ఏమిటంటే, మా చుట్టుపక్కల కోచింగ్ సెంటర్ పోస్టర్ లేని గోడ దొరకడం విదేశం వెళ్లడం కన్నా కష్టం. మూడు రోజులు తిరిగి రెండే చోట్లు పట్టుకున్నాం. ఒకటి నారాయణగూడ ఫ్లైఓవర్ కింద ఒక నల్లటి స్తంభం. రెండోది చిక్కడపల్లి గల్లీలో పసుపు రంగు పాత ఇల్లు, రాతి మెట్లు, ఆకుపచ్చ చెక్క కిటికీలు. డైరెక్టరన్న స్తంభానికి ఇస్తాంబుల్ అనీ, మెట్లకు వియన్నా అనీ పేర్లు పెట్టి కాగితం మీద రాసి మా ఇద్దరికీ ఇచ్చాడు. షూటింగ్ నాటి పొద్దున ఆ ఇంటి చూరు మీద పావురాలు వాలడం చూసి ఆయన మనసు మారింది. "పావురాలున్నయంటే ఇదే ఇస్తాంబుల్," అని నాతో అన్నాడు. ఆ మాట మా మూడో రూమ్మేటుకు మాత్రం చెప్పలేదు. అతన్ని మేం రీజనింగ్ అని పిలిచేవాళ్లం, ఆ సబ్జెక్టు తప్ప ఇంకేదీ చదవడు కాబట్టి.

హీరోను నేనే. అందగాణ్ని కాదు, లా చదివే పక్క గది అన్న నల్లకోటు నాకు సరిపోయింది, అంతే. మండే ఎండలో ఆ కోటు తొడుక్కుని, ఒక రహస్య ఫైలును మెట్ల మీద పెట్టి, గల్లీ చివరిదాకా నడిచి వెళ్లిపోవాలి. ఫైలులో నిజం కాగితాలుంటేనే చేతికి బరువు తెలుస్తుందని డైరెక్టరన్న వాదన. ఆ పూట నా దగ్గరున్న నిజం కాగితాలు నా ఒరిజినల్సే. మర్నాడు పది గంటలకు ఒక ఉద్యోగానికి సర్టిఫికెట్ వెరిఫికేషన్. పదో తరగతి మెమో నుంచి కుల ధ్రువీకరణ దాకా, నింపిన దరఖాస్తు ఫారంతో సహా అన్నీ ఆకుపచ్చ ప్లాస్టిక్ ఫైలులో పెట్టుకుని జిరాక్స్ తీయించుకొస్తున్నాను. నేను ఒక్క షరతు పెట్టాను. నేను మలుపు తిరగ్గానే రీజనింగ్ వచ్చి ఫైలు తీసుకోవాలి. "మెసేజ్ పెట్టిన. ఇస్తాంబుల్‌కు రమ్మన్న," అన్నాడు డైరెక్టరన్న. మంచి కెమెరా నా ఫోన్‌కే ఉంది కాబట్టి, షాట్ మధ్యలో కాల్ రాకుండా దాన్ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టాడు. "ఒక్కటి యాదుంచుకో. ఏజెంట్ ఎనక్కి చూడడు."

చూడలేదు. ఫైలు పెట్టాను, నడిచాను. డైరెక్టరన్న నా ముందు వెనక్కి నడుస్తూ, పోటీ పరీక్షల పిల్లలంతా చదువుకునే లైబ్రరీ దాకా తీశాడు. బాగా కుదిరిందని ఇంకో నాలుగు నడకలు తీశాడు. గంట తర్వాత ఆయన ఫోన్ మోగింది. రీజనింగ్. "అన్న, గంట సంది ఇస్తాంబుల్ల నిలబడ్డ. ఫైలు లేదు, ఏం లేదు. ఫ్లైఓవర్ కింద ఉడుకుతున్న."

కోటు ఎగురుతుండగా పరిగెత్తాను. మెట్లు ఖాళీగా ఉన్నాయి, పైన పావురాలు మాత్రం ఉన్నాయి. ఇంటి తలుపుకు తాళం. మా ఏరియాలో దొరికిన సర్టిఫికెట్లను ఎవరైనా జిరాక్స్ షాపులోనే ఇస్తారు, పోగొట్టుకున్నవాడు ఎప్పటికైనా అక్కడికి రాక తప్పదు కనుక. షాపు షాపుకూ వెళ్లి అడిగాను. "లేదన్నా," "రాలేదన్నా." ఒకాయన నా కోటు చూసి, "కోర్టు కాగితాలా సార్?" అన్నాడు. రెండేళ్లుగా నాన్న జనగామలో పాత చెప్పులే వేసుకు తిరుగుతున్నది ఆ ఫైలు కోసమే. మెమోలు మళ్లీ తెప్పించుకోవచ్చు, రేపు పది గంటలను ఎక్కడి నుంచి తెప్పించుకోను? ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

పోలీస్ స్టేషన్‌కు వెళ్లే ముందు హాస్టల్‌కు ఫోన్ చేద్దామని నా ఫోన్ అడిగి తీసుకుని ఫ్లైట్ మోడ్ తీశాను. మిస్డ్ కాల్ మెసేజ్‌లు వరసగా వచ్చాయి, అన్నీ నాన్నవే. చూస్తుండగానే మళ్లీ మోగింది.

"ఉన్నవా?" అన్నాడు నాన్న.

ఎక్కడున్నవ్ అని కాదు. ఉన్నవా అని. వెనక బస్సు చప్పుడు.

"ఉన్న నాన్నా."

పక్క సీటాయనకు "ఉన్నడు" అని చెప్పాడు. తర్వాత, "ఉప్పల్ దాటిన. గా మెట్ల కాడనే కూసో. కదలకు," అన్నాడు. మెట్ల సంగతి ఆయనకెట్లా తెలిసిందో అడిగేలోపే ఫోన్ పెట్టేశాడు.

ఫ్లైఓవర్ దగ్గర నుంచి రీజనింగ్ కూడా వచ్చాక ముగ్గురం ఇస్తాంబుల్ మెట్ల మీద కూర్చున్నాం. కాసేపటికి లైబ్రరీ వైపు నుంచి ఒక పెద్దమ్మ, చేతిలో నా ఆకుపచ్చ ఫైలుతో వచ్చింది. ఆ ఇల్లు ఆమెదే. నన్ను, కోటును చూసి ఆగిపోయింది. "నువ్వే గద బిడ్డా? కిటికీలకెళ్లి చూసిన. పానం లెక్క దాసుకునే కాయితాలు మెట్ల మీద పెట్టి పోతివి. నేను బయటికొచ్చేవరకు నువ్వు లేవు. ఒక్కసారన్న ఎనక్కి చూడకపోతివి." ఫైలును నా ఒళ్లో పెట్టింది. "ఈ గల్లీల నౌకరి రాక పానం తీసుకున్న పిల్లలను ఎంతమందిని చూసిన్నో. ఇగ ఏమనుకోవాలె నేను? ఫారం మీదున్న నీ నంబర్ కలవలే. మీ నాయనకు చేసిన. లైబ్రరీల కుర్చీ కుర్చీకి ఎతికిన." డైరెక్టరన్న తల దించుకున్నాడు. కెమెరాకు ఇస్తాంబుల్‌లా కనిపిస్తే సరిపోతుందనుకున్నాం గానీ, కెమెరా కనబడని కిటికీలోంచి చూసే మనిషికి అది చిక్కడపల్లే అని మాకు తట్టలేదు.

నాన్న వచ్చేసరికి పొద్దు వాలుతోంది. కొడతాడనుకున్నాను. నా భుజం మీద చెయ్యి వేసి, తీయకుండా అట్లాగే నిలబడ్డాడు. పెద్దమ్మ ఇచ్చిన నీళ్లు తాగాక అంతా విన్నాడు.

"సినిమా ఏ ఊర్ల తీస్తున్రు?"

"ఇస్తాంబుల్ అంకుల్," అన్నాడు డైరెక్టరన్న, మెల్లగా.

"గదెక్కడ?"

"ఇదే అంకుల్. ఈ మెట్లే."

నాన్న మెట్లు చూశాడు, పావురాలను చూశాడు. "జనగామల బస్సెక్కితే రెండున్నర గంటలల్ల ఇస్తాంబుల్. మంచిగుంది," అన్నాడు. పెద్దమ్మ నవ్వింది. ఆ తర్వాత మేమూ నవ్వాం.

మర్నాడు నాన్నే ఫైలు పట్టుకుని వెరిఫికేషన్‌కు వచ్చాడు, గేటు దాకా నా చేతికివ్వలేదు. ఆ ఉద్యోగం రాలేదు, తర్వాతది వచ్చింది. ఇప్పుడు మండలాఫీసులో ఇతరుల సర్టిఫికెట్లు చూస్తుంటాను. సినిమాను యూట్యూబ్‌లో చూసినవాళ్లు కొద్దిమందే. (వాళ్లలో ఒకరు "ఇది చిక్కడపల్లి కదా బ్రో" అని రాశారు. డైరెక్టరన్న ఇప్పటికీ ఆ మనిషిని క్షమించలేదు.) నాన్న మాత్రం తన ఫోన్లో అప్పుడప్పుడు పెట్టుకుంటాడు. నేను మలుపు తిరిగే చోట ఆపి, "గీడ ఒక్కసారి తిరిగి చూస్తే అయిపోతుండె," అంటాడు. అందుకే జనగామ నుంచి బయల్దేరిన ప్రతిసారీ గల్లీ మలుపులో ఆగి వెనక్కి చూస్తాను. ఏజెంట్‌గా నేను పనికిరానని ఆ కాస్సేపట్లోనే ఎవరికైనా తెలిసిపోతుంది. నాన్న గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపుతాడు.