ఆడబిడ్డ పిలిచిన ఊరు

మా మేనత్త పోయిందన్న కబురు రైల్లో వచ్చింది. కొత్త సంవత్సరం మొదలై వారం కూడా కాలేదు. బళ్ళో పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. స్టేషన్ ఘన్‌పూర్ పోర్టరు తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"టీచరమ్మా, కాజీపేట మీ అత్తమ్మ పాణం ఇడిసిందట. పొద్దుగాల పాసింజర్ గార్డు జెప్పిపోయిండు. మిమ్మల్ని ఎంటనే బయల్దేరమన్నడు."

కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఆమె ఇల్లు తెలియని గార్డు లేడు. ఆమె చేతి జొన్నరొట్టె తిననివాడూ తక్కువే. అందుకే టెలిగ్రాం కంటే ముందు ఆ కబురును బండే మోసుకొచ్చింది. నేను ఏడ్చాను, దాచుకునేదేముంది? కాని బండెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక, ఆమెను తలుచుకుంటుంటే మధ్యమధ్య నవ్వు కూడా వచ్చింది. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి నన్ను అదోలా చూశాడు. ఆయనకు చెప్పలేకపోయాను గాని మీకు చెబుతాను.

మాది కాజీపేటకు, ఘన్‌పూర్‌కు నడుమ రైలుకట్టకు దగ్గరి ఊరు. ఊరని అలవాటు కొద్దీ అంటున్నాను. డెబ్బైల మొదట్లో వానలు వరసగా మొహం చాటేసి, బావులు అడుగంటితే జనం మూటాముల్లె సర్దుకున్నారు. మా బాపుకు అన్న, నాకు పెద్దబాపు, తన వాడకట్టు వాళ్ళను తీసుకుని హసన్‌పర్తి దిక్కు చెరువు నీళ్ళు చూసుకుని పోయాడు. బాపు మిగతావాళ్ళతో ఘన్‌పూర్ పక్కకు వచ్చాడు. అక్కడ మిగిలినవి మొండిగోడలు, తలుపుల్లేని గుమ్మాలు, నడిబజార్లో ఊరు పుట్టినప్పుడు నాటిన బొడ్రాయి. గొర్లు కాసేవాళ్ళు కూడా పొద్దుండగానే ఆ ఊరు దాటి పోయేవాళ్ళు.

ఊరు పోయిన బాధ కంటే దాని మీది పంచాయితీ పెద్దదైంది. ముందుగా ఊరు విడిచింది ఎవరు? అన్న బండి కట్టకపోతే ఇంకెవరూ కదిలేవాళ్ళు కాదని బాపు. తమ్ముడు తన వెంట వచ్చి ఉంటే ఊరంతా ఒక్కచోటే ఉండేదని పెద్దబాపు. ఇద్దరిదీ ఊరి మీది ప్రేమే. ఆ ప్రేమతోనే పదేళ్ళ దాకా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చెల్లెలింట్లో ఒకరున్నారని తెలిస్తే, రెండోవారు కాజీపేట స్టేషన్ బెంచీ మీదే కూర్చుని, అటునుంచి అటే వెనక్కి పోయేవారు. ఒకప్పుడు ఊరి భజనలో పెద్దబాపు పాట ఎత్తుకుంటే, బాపు చిరుతలు వాయిస్తూ అందుకునేవాడు. ఊరు పోయాక ఇద్దరూ పాట మానేశారు.

ఆ అన్నదమ్ములకు మా మేనత్త ఒక్కతే చెల్లెలు. మామది ఇంజన్ల షెడ్డులో ఫిట్టర్ పని. ఆమె ఇంట్లో కూర్చుని బండి చప్పుడును బట్టే, "ఇది గూడ్సు, ఖాళీగ పోతాంది" అని చెప్పేది. చాయ్ సాసర్లో పోసుకుని, ఊదుకుంటూ, చుట్టుపక్కల సంగతులన్నీ అడిగి తెలుసుకునేది. ఎప్పుడూ రెండు రొట్టెలు ఎక్కువే చేసేది. ఎందుకంటే, "బండి దిగెటోడు చెప్పి దిగుతడా?" అనేది.

ఆమెకు ఒకటే దిగులు. బొడ్రాయి పండుగ చేస్తే ఊళ్ళో పుట్టిన ఆడబిడ్డలందరినీ పిలవాలి. ఎంత దూరం ఇచ్చినా వాళ్ళు వచ్చి బొడ్రాయికి నీళ్ళు పోయాలి. ఊరు వాళ్ళకు చీరె, రవికెగుడ్డ పెట్టి పంపాలి. క్వార్టర్లలో పక్కింటి ఆడవాళ్ళు అలా పోయివచ్చి కొత్త చీరెలు చూపిస్తుంటే, ఈమె మెచ్చుకుని ఇంట్లోకి వచ్చి కళ్ళు ఒత్తుకునేది. "అన్నలు మంచిగున్నరు, వదినెలు మంచిగున్నరు. పిలువతందుకు ఊరే లేదు బిడ్డా" అంది నాతో ఒకసారి.

ఎనభైల మొదట్లో ఒక చలికాలం, నేను వాళ్ళింట్లో ఉన్నప్పుడు, రొట్టె కాలుస్తూ కాలుస్తూ అంది: "ఊరు నన్ను పిలువకపోతేంది? నేనే ఊరిని పిలుస్త."

మామ బీడీ ఆర్పాడు. "పిలిచి ఏడ కూసుండబెడతవ్? ఈ రెండర్రల్లనా?"

"మా ఊర్లె."

"అది పాడువడ్డదే!"

"మనుషులొస్తే పాడెట్లయితది?"

"ఏ పండుగకు పిలుస్తవ్? దసరాకు ఎవలింట్ల వాళ్ళకే ఉంటది."

"పండుగలకు పిలువ. ఛబ్బీస్ జనవరికి పిలుస్త. దానికి కులం లేదు, ముట్టు లేదు, మైల లేదు. సర్కారు సెలవు అందరిది."

ఆ ఏడు ఛబ్బీస్ జనవరి, అంటే జనవరి ఇరవై ఆరు, సోమవారం పడింది. సోమవారం నీసు ముట్టనివాళ్ళు ఉంటారు కాబట్టి మాంసం ఆదివారానికి, పాటలు రెండు రోజులకూ అని ఏర్పాటు చేసింది. వంటగిన్నెలు ఎక్కడినుంచి తేవాలని మామ అడిగితే, వద్దంది. "గిన్నె వెడితే ఎవల గిన్నె, ఎవలు వండిండ్లు అని మొదలైతది. పుల్లలకు గుచ్చి నిప్పుల మీద గాల్చుకుంట తింటరు. నిప్పుకు ఇంటిపేరు ఉండదు." మామ పాత సైకిలు పుల్లలు పోగేసి, షెడ్డులో తీరిక దొరికినప్పుడు మొనలు సానబట్టాడు.

పిలుపులకు నన్ను వెంట తీసుకుపోయింది. లోకంలో ఎక్కడైనా అన్న వచ్చి చెల్లెలికి బొట్టు పెట్టి పుట్టింటికి పిలుస్తాడు. ఈమె కుంకుమబరిణె పట్టుకుని అన్నల ఇళ్ళకు తానే పోయింది. పెద్దబాపు, "ఆడొస్తే నేను రాను" అన్నాడు. మర్నాడు మా బాపు కూడా, కూడబలుక్కున్నట్టు అదే మాట అన్నాడు. ఆమె వదినె నుదుట బొట్టు పెట్టి, బరిణె మూత బిగించి లేచింది.

"మంచిదే చిన్నన్నా. పెద్దన్న గూడ గదే అన్నడు. ఇద్దరు రాకుండ్లి. ఊరంతొచ్చి, ఈమె అన్నలేరీ అంటే నేను జవాబు చెప్పుకుంట. నీకు ఫికరెందుకు?"

బాపు ఆ పూట సరిగా అన్నం తినలేదు.

ఆదివారం పొద్దున మేం చేరేసరికి మామ, ఆయన స్నేహితులు సర్కారు తుమ్మ నరికి బజారు బాగు చేశారు. స్టేషన్ నుంచి డ్రమ్ముల్లో నీళ్ళు తెచ్చారు. మేనత్త బొడ్రాయి మీది దుమ్ము కొంగుతో తుడిచి, బిందెడు నీళ్ళు పోసి, పసుపు కుంకుమ పెట్టింది. పదేళ్ళుగా ఎండిన రాయి. నీళ్ళు తాగినట్టే పీల్చుకుంది.

జనం వచ్చారు. నేను అనుకున్నదానికంటే చాలామంది వచ్చారు. తమ గుమ్మాలు వెతుక్కుని, గోడలు తడిమి ఏడ్చినవాళ్ళు ఏడ్చారు. ఇద్దరన్నలూ వచ్చారు. కాని వచ్చి ఏం లాభం? హసన్‌పర్తి వాళ్ళు పడమటి మొనకు, ఘన్‌పూర్ వాళ్ళు తూర్పు మొనకు కూర్చున్నారు. ఎవరి తుమ్మబొగ్గులు వాళ్ళు తెచ్చుకుని, ఎవరి నిప్పు వాళ్ళు రాజేసుకున్నారు. నిప్పుకు ఇంటిపేరు ఉండదన్న ఆమె మాట ఆమె కళ్ళ ముందే అబద్ధమైంది. నడుమ బొడ్రాయి దగ్గర రైల్వే వాళ్ళ కుంపటి ఒకటి. అందరికీ అక్కడినుంచే మాంసం పంచాలని మేనత్త పొద్దున్నే యాటను కోయించి, పసుపు, కారం, అల్లం, ఎల్లిగడ్డ పట్టించి, పుల్లలకు గుచ్చి సిద్ధంగా పెట్టింది.

అప్పుడు జరిగింది ఆ ఘనకార్యం. క్వార్టర్లలో అందరూ వండేది ఇంజన్‌లో వేసే రాకాసి బొగ్గు మీదే. గిన్నె ఉంటుంది, గిన్నె మీద మూత ఉంటుంది, కూరకు వాసన అంటదు. ఆ అలవాటు కొద్దీ మామ ఆ బొగ్గే సంచి నింపుకొచ్చి కుంపట్లో పోశాడు. మాంసం నేరుగా దాని మీద పెట్టారు. పసుపుపచ్చటి పొగ లేచింది. కాసేపటికి బజారంతా లోకో షెడ్డు వాసన. మామ దోస్తు, గిటారు వాయించే ఇంజన్ డ్రైవరు ఒకడు, మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, పక్కకు తిరిగి ఉమ్మేసి, "అన్నా, ఇంజన్ తిన్నట్టుందే!" అన్నాడు.

జనం నవ్వారు. మేనత్త నవ్వలేదు. పిలిచిన ఊరంతా ఎదురుగా కూర్చుని ఉంది. పెట్టడానికి చేతిలో ఉన్నది నల్లటి మాంసం. ఆమె పుల్లల గుత్తి పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఏళ్ళ తరబడి కడుపులో పెట్టుకున్న ఆశ పొగ పాలవుతుంటే చూడలేక నేను తల తిప్పుకున్నాను.

"రాకాసి బొగ్గుల మీద మాంసం గాలుస్తరా ఎవలన్న?" పడమటి నుంచి పెద్దబాపు గొంతు. లేచి వస్తున్నాడు. చేతిలో పార, పార మీద ఎర్రటి తుమ్మనిప్పులు. అదే సమయానికి తూర్పు నుంచి బాపు, ఇనుప తట్టలో నిప్పులతో, దాదాపు ఉరుకుతూ వస్తున్నాడు. చెల్లెలి మొహం చిన్నబోతే అన్న కూర్చోగలడా? ఇద్దరూ కుంపటి దగ్గర ఎదురుపడ్డారు. పదేళ్ళ తర్వాత మొదటి మాట ఏం మాట్లాడుకుంటారోనని ఊరంతా చేతిలోని పుల్లలు పక్కన పెట్టి చూసింది.

"ముందుగాల ఆ పాడుబొగ్గు తీసి పారెయ్యరా" అన్నాడు పెద్దబాపు.

"తీస్తాన, నువ్వు నిప్పులు పట్టుకో" అన్నాడు బాపు.

అంతే. రాకాసి బొగ్గు మట్టిలోకి పోయింది. రెండు వాడల నిప్పులు ఒక కుంపట్లో పడ్డాయి. రెండు దిక్కుల వాళ్ళూ తాము తెచ్చుకున్న మాంసం పట్టుకుని నడుమకు వచ్చారు. కార్జం ముక్కలు చిటపటమంటుంటే, అన్నదమ్ములు ఎదురెదురుగా కూర్చుని పుల్లలు తిప్పుతూ మామను తిట్టారు. మామ ఆ తిట్లు నవ్వుతూ తిన్నాడు. సాయంత్రం డప్పులు మోగాయి. ఆడవాళ్ళు చప్పట్లు కొడుతూ పాడారు. మామ దోస్తు గిటారు వాయిస్తే ముసలమ్మలు కూడా తలలూపారు. చీకటి పడబోతుండగా పెద్దబాపు, ఎవరూ అడగకుండానే, పాత భజన ఒకటి ఎత్తుకున్నాడు. చరణం చివర ఆగాడు. బాపు గొంతు సవరించుకుని అందుకున్నాడు. మేనత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ పట్టు ఇప్పటికీ నాకు తెలుస్తూనే ఉంది.

ఆ పాట మధ్యలోనే కట్ట మీదుగా బండి పోయింది. మామ చెప్పి ఉంచాడేమో, డ్రైవరు పొడుగ్గా కూత వేశాడు. మేనత్త తమ ఇంటి మొండిగోడ ఎక్కి, కొంగు విప్పి ఊపింది. చీకటి ఊరని భయపడే చోట మంట ఉందనీ, మనుషులున్నారనీ బండినిండా జనం చూసి పోయారు.

అప్పటినుంచి ఏటా ఛబ్బీస్ జనవరికి దగ్గర పడిన ఆదివారం ఊరు కూడేది. ఏటా ఆ బండి కూసేది, ఆమె ఆ గోడెక్కేది. రాకాసి బొగ్గు గురించి మామను ఏటా ఏడిపించేవాళ్ళం. నేను ఒకసారి, "అత్తమ్మా, ఆనాడు ఎంత తప్పయిందో గదా" అన్నాను. సాసర్లో చాయ్ ఊదుకుంటూ అంది: "తప్పయింది గాబట్టే ఇద్దరన్నలు లేచొచ్చిండ్లు బిడ్డా. అంతా సక్కగయితే ఎవల జాగల వాళ్ళు తిని, మూతి తుడుసుకొని పోయెటోళ్ళు."

మూడేళ్ళ కింద రెండు వాడల వాళ్ళూ కలిసి అక్కడ బోరు వేశారు. నీళ్ళు పడ్డాయి. కొన్ని ఇళ్ళకు పైకప్పులు లేచాయి. పోయినేడు ఒక ఇంటి ముందు ముగ్గు చూసి ఆమె అక్కడే నిలబడి, ఎవరో పసిపిల్లను చూస్తున్నట్టు చూసింది.

ఆమె దినాలు అయ్యాక మామ, "ఈ ఏడు వద్దు. ఇంట్ల మనిషే పోయింది, మంటెందుకు?" అన్నాడు. పెద్దబాపు ఒప్పుకోలేదు.

"బావా, అది ఏమన్నది? సర్కారు సెలవుకు మైల లేదన్నది."

"బొగ్గులు నేను తెస్త" అన్నాడు బాపు.

"పోయినేడు నువ్వే తెచ్చినవ్. ఈసారి నేను."

"నీ బొగ్గులు పచ్చిగుంటయి!"

ఇద్దరూ వాదులాడుకుంటుంటే, మామ కన్నీళ్ళు తుడుచుకుంటూ, ఆమె పోయాక మొదటిసారి నవ్వాడు.

పోయిన ఆదివారం మళ్ళీ ఊరు కూడింది. బొడ్రాయి దగ్గర నీళ్ళబిందె పట్టుకుని బాపు నన్ను పిలిచాడు. "రా బిడ్డా, ఇగ ఈ ఊరి ఆడబిడ్డవు నువ్వే." బిందె అందుకుని రాయి మీద నీళ్ళు పోశాను.

సాయంత్రం పాట సాగుతుండగా బండి వచ్చింది. ఇప్పుడది డీజిల్ ఇంజను, కూత మోటు. అయినా పొడుగ్గానే కూసింది. అలవాటు కొద్దీ అందరం ఆ గోడ వైపు చూశాం. పాట ఆగిపోయింది.

పెద్దబాపు లేచాడు. బాపు భుజం పట్టుకుని మెల్లగా గోడ ఎక్కాడు. తర్వాత చెయ్యిచ్చి తమ్ముణ్ణి పైకి లాగాడు. ఒకరు తలరుమాలు విప్పారు, ఒకరు తువ్వాల తీశారు. ఇద్దరు ముసలివాళ్ళు ఒకే మొండిగోడ మీద నిలబడి, పోతున్న బండి వైపు ఊపుతున్నారు. బండి మలుపు తిరిగిపోయింది. వాళ్ళు ఊపుతూనే ఉన్నారు. కింద కుంపటి మీద కార్జం మాడుతున్న వాసన వస్తున్నా, దిగమని ఎవరమూ అనలేదు.