టీచరమ్మ పెట్టిన సున్నం చుక్కలు

మా టీచరమ్మ పోయిందన్న కబురు సోమవారం పొద్దున బస్ డిపో ముందరి చాయ్ హోటల్లో తెలిసింది. ఆమె పక్కింటి ఆటోవాలా చెప్పాడు. తెల్లవారుజామున నిద్రలోనే పోయిందట. నేను నమ్మలేదు. అబద్ధాలతో పొద్దు గడిపేవాడికి ఎదుటివాడి నోట నిజం కూడా అబద్ధంలాగే వినపడుతుంది. అతని ముఖం చూడకుండా చేతులు చూశాను. అది ఆమె నేర్పిన విద్యే. "మొఖం నేర్చుకున్నది చెప్తది, చేతులు చేసింది చెప్తయి. చేతులు చూడు" అనేది. ఆటోవాలా చేతిలో చాయ్ ఒక్క గుక్క తాగకుండానే మీగడ కట్టింది. నిజమేనని అప్పుడు నమ్మాను.

అసలు ఇబ్బంది ఆ తర్వాత మొదలైంది. నలుగురికీ చెబుదామని బజారుకు పోతే ఒక్కడూ నా మాట నమ్మలేదు.

"పోయిన హోలీకి మా మామను సంపితివి. మా ఆడోళ్లంత ఏడ్సుకుంట బస్సెక్కిరి. పోయి చూస్తే ఆయన జొన్నరొట్టె తింటుండు. ఇగ టీచరమ్మను గూడ సంపుతున్నవా? నడువ్ ఈడికెల్లి!" అని కిరాణా సేటు నన్ను తరిమాడు.

చివరికి చర్చి గంట మోగితే గానీ ఊరు నమ్మలేదు. చదువుతున్న మీరు కూడా నన్ను అనుమానిస్తే నాకేం కోపం లేదు. ఆమె బతికినన్నాళ్లూ అదే పని చేసింది.

చిన్న తరగతుల్లో ఆమె దగ్గరే చదివాను. ఏడుతో బడికి సలాం కొట్టాను గానీ ఆమె అనుమానం మాత్రం నన్ను వదల్లేదు. కుర్చీలో కూర్చునే ముందు దురదగొండి పూసి ఉందేమోనని స్కేలుతో గీకి చూసేది. సొరుగు తెరిచే ముందు బల్లను తట్టేది. సొరుగులో తొండ ఉంటే నన్ను బెంచీ ఎక్కించేది. లేకపోతే ఇంకా ఎక్కువ పరేషాన్ అయ్యేది. "ఇయ్యాల ఎందుకు పెట్టలేదు? ఏం పెద్ద ఆలోచన చేస్తున్నవ్ రా?" అని ఆ రోజంతా నా మీదే కన్నేసి ఉంచేది.

రిటైరయ్యాక ఊరంతా ఆమెకు తరగతి గదైంది. పాలవాడు పాలు పోస్తే రెండు చుక్కలు గోటి మీద వేసుకుని జారే తీరు చూసేది. ఇంటికి తాళం వేసి గుంజి చూసి, వీధి మలుపు దాకా పోయి, వెనక్కొచ్చి మళ్లీ గుంజేది. టీవీలో వాన వస్తుందని చెబితే బయటికొచ్చి చీమలు గుడ్లు మోస్తున్నాయా అని వెతికేది. "అనుమానం పాపం కాదు రా. చూడకుండ నమ్ముడు బద్ధకం" అనేది. ఈ మాటను నేను చాలాచోట్ల నాదిగా చెప్పుకున్నాను. ఇప్పుడు ఆమెది ఆమెకు అప్పజెప్పుతున్నాను.

మా నారాయణఖేడ్ నుంచి సిర్గాపూర్ దిక్కు పోయే తోవలో ఒక సర్కారు గుట్ట ఉంది. పట్టా లేదు, కంచె లేదు. అందరిదీ కాబట్టి ఎవరిదీ కాదు. మునుపు గొర్రెలు, మేకలు, సీతాఫలాలు ఏరుకునే ఆడవాళ్లు తప్ప అటు పోయేవాళ్లు లేరు. ఫోన్లు వచ్చాక ఆదివారం వస్తే చాలు, జాతరే. పై దాకా బండ్లు ఎక్కిస్తారు, ఫోటోలు దిగుతారు, బిర్యానీ తిని ప్లేట్లు గాలికి వదిలి పోతారు. పోయేముందు రాయి మీద రాయి పేర్చి చిన్న ఇల్లు కడతారు. అట్లా కడితే సొంతిల్లు వస్తుందని నమ్మకం. ఈ గుట్ట మీద దాన్ని ఎవరు మొదలుపెట్టారో తెలియదు. నేను మాత్రం కాదు.

మొన్న ఎండాకాలం మొదట్లో, ఒక ఆదివారం, చర్చిలో ప్రార్థన కాగానే టీచరమ్మ ఇంటికి పోకుండా ఆటో ఎక్కి అటు పోవడం చూశాను. చేతిలో బరువైన సంచి. మోకాళ్ల నొప్పులున్న మనిషికి గుట్ట మీద ఏం పని? లంకెబిందెలే అనుకున్నాను. లోపల పురుగు తొలిచింది. బండి తీసుకుని వెనకే పోయాను.

గుట్ట నడుముకు ఒక రాళ్ల వరస ఉంది. ఆమె అక్కడ కూర్చుని, డబ్బాలో కుంచె ముంచి, ఒక్కో రాయికీ సున్నంతో చుక్క పెడుతోంది. నేను సీతాఫలం పొద చాటున నక్కాను.

"పొద ఎనుక ఉన్నోడా, బయటికి రా" అంది తల తిప్పకుండానే.

"నేనని ఎట్ల తెలిసింది టీచరమ్మా?"

"ఈ ఊర్ల దాక్కొని చేసెటోనివి నువ్వొక్కనివే. తక్కినోళ్లు ఎదురుంగనే చేస్తరు."

"బిందెలు ఏడున్నయో చెప్పున్రి. సగం నాకియ్యకుంటే పోలీసులకు చెప్త."

"సగం నీకే. పట్టు" అని సున్నం డబ్బా నా చేతికిచ్చింది.

విషయం అప్పుడు చెప్పింది. ఆ రాళ్ల వరసలు ఏనాడో ఉపాధి పని కూలీలు కట్టిన కట్టలు. వాన నీళ్లు ఉరికి మట్టిని ఈడ్చుకుపోకుండా అవి అడ్డం నిలబడతాయి. గుట్ట కింద ఒక కుంట ఉంది. నాతో చదివిన బీరప్ప గొర్రెల మందకు ఉగాది దాటేదాకా ఆ కుంట నీళ్లే ఆధారం. రెండు మూడు వానాకాలాల నుంచి గుట్ట మట్టి దిగి కుంట ఒండుతో నిండుతోంది. నిరుడు ఒక సూడి గొర్రె నీళ్ల కోసం దిగి, రొమ్ము దాకా కూరుకుపోయి, బీరప్ప లాగుతుండగానే చచ్చిపోయింది. ఇంకో వాన అట్లాగే మట్టిని మోసుకొస్తే మందను అమ్ముకుని పట్నంలో కూలికి పోవడమేనని అతను టీచరమ్మ గడపలో కూర్చుని ఏడ్చాడట.

"కట్టలు ఎవరు పాడు చేస్తున్నరో తెల్వది" అంది. "బీరప్ప బండ్లోళ్లను అంటడు. బండ్లోళ్లు గొర్ల గిట్టలను అంటరు. నేను అందరినీ అనుమానిస్తున్న, బీరప్పను గూడ. గొర్లు తన్నితే చుక్క రాయి కట్ట పక్కకే పడుతది. బండి గుద్దితే జర కిందికి దొర్లుతది. మీదికి మాత్రం ఏ రాయీ తనంతట తాను ఎక్కదు."

ఆ వారం ఖేడ్‌లో ఎక్కడ చూసినా ఆ చుక్కల ముచ్చటే. ఎవరో గుట్టను ప్లాట్లు చేస్తున్నారని ఒకడు, చేతబడి అని ఒకడు, నాగల్‌గిద్ద దిక్కు నుంచి గుప్తనిధుల ముఠా దిగిందని ఇంకొకడు. చాయ్ హోటల్లో నన్ను చూడగానే అందరూ చల్లబడ్డారు. "నీ పనేనా?" అన్నారు. "కాదు" అన్నాను. నేను కాదనగానే నా పనేనని ఖాయం చేసుకున్నారు.

మళ్లీ ఆదివారం సాయంత్రం జనం దిగిపోయాక ఇద్దరం ఎక్కాం. చుక్కల రాళ్లు గుట్ట నెత్తిన ఉన్నాయి. మొక్కుల ఇళ్లన్నీ వాటితోనే కట్టారు. ఒక ఇంటికైతే గోడలు, పైకప్పు అన్నీ చుక్కల రాళ్లే, ముగ్గేసిన వాకిలిలా ముద్దుగా ఉంది. కట్టలో రాళ్లు చదునుగా, ఒక తీరుగా దొరుకుతాయి కదా, పేర్చడం తేలిక. దొంగ దొరికాడని టీచరమ్మ సంబరపడుతుందనుకున్నాను. ఆమె ఒక బండ మీద కూలబడి, "కిరాయి ఇండ్లళ్ల ఉండెటోళ్లు రా, పాపం" అంది. రిటైరయ్యేదాకా ఆమె కూడా కిరాయి ఇంట్లోనే ఉంది.

కాసేపటికి నా వైపు తిరిగింది. "ఇవి తీసి కట్టల పెట్టాలె. నువ్వే తియ్యాలె."

"నేనే ఎందుకు?"

"నేను తీస్తే మతం అంటరు. నువ్వు తీస్తే నీ చిల్లర ఏషం అంటరు. మతమంటే లొల్లి అయితది. ఏషానికి తిట్టి ఊకుంటరు."

"ఇన్నేండ్లల్ల ఒక్కనాడు నమ్మలేదు. ఇయ్యాల గింత పని చెప్తున్నరు. నాకే అనుమానమొస్తున్నది టీచరమ్మా."

"ఇప్పుడు గూడ నమ్ముతలేను. ఈడనే కూసుండి చూస్త, తియ్యి."

ఆ వేసవంతా వారం మధ్యలో పొద్దున్నే పోయేవాణ్ని. ఇళ్లు విప్పేవాణ్ని, కట్టలు పేర్చేవాణ్ని. ఆమె గొడుగు కింద కూర్చుని, "ఆ రాయి కదులుతది, మల్ల పెట్టు" అని సతాయించేది. ఎండిన కుంటలోంచి బీరప్ప ఒండు ఎత్తి పక్క చేలవాళ్లకు పోశాడు. అయినా ఆదివారం వస్తే కట్ట మళ్లీ బోసిపోయేది. నాకు విసుగొచ్చింది.

"ఈ గుట్ట మీద ఇల్లు పేరిస్తే ఉన్న కిరాయి ఇల్లు గూడ పోతదని పుకారు లేపుత. రెండు దినాల్ల ఊరంత పాకుతది" అన్నాను.

"అబద్ధం. వద్దు."

"నిజం చెప్తే వినెటోడు ఏడున్నడు?"

"చెప్పకు, అడుగు" అంది. "కట్ట మీద రాయి పెడితే కుంట నిలుస్తది. కుంట నిలిస్తే బీరప్ప ఇల్లు నిలుస్తది. పరాయోని ఇల్లు నిలబెట్టినోనికి దేవుడు ఇల్లియ్యడా అని అడుగు. అడుగుడు అబద్ధం కాదు గదా."

అడగడం మొదలుపెట్టాను. నా మాటకున్న పరువు మీకు తెలుసు. నవ్వి పోయారు. పైగా ఒక ఆదివారం దొరికిపోయాను కూడా. బస్టాండు దగ్గర మొబైల్ షాపు నడిపే పిల్లవాడు భార్యతో వచ్చి, పోయిన వారం కట్టిన తన ఇల్లు వెతుక్కుంటున్నాడు. నా చేతిలో దాని పైకప్పు ఉంది. కాలర్ పట్టుకున్నాడు.

"నా ఇల్లెందుకు కూలగొట్టినవ్ బే? నీకేం పాపం చేసిన?"

జనం మూగారు. టీచరమ్మ రొప్పుతూ పైకి వచ్చింది. నన్ను కాపాడుతుందనుకున్నాను.

"వీడే. చిన్నప్పటి సంది గంతే" అంది. "బడి కిటికీ గూడ వీడే పలగ్గొట్టిండు."

"ఆ కిటికీ నేను కాదు!" అన్నాను, కాలర్ బిగుసుకుని ఉన్నా ఊరుకోలేక.

ఆమె వినలేదు. అతని భార్య వైపు తిరిగింది. "బిడ్డా, మీ రాయికి చుక్క ఉన్నదా చూడు. ఉన్నది గదా. అది కింది కట్టది. అసొంటి రాళ్లు తీసినందుకే నిరుడు ఆ కనపడే కుంటల గొర్రె కూరుకపోయి సచ్చింది. తీస్కపోయి కట్టల పెట్టు. అక్కడ పెడితే వీడు ముట్టడు. ముడితే నేనున్న."

"అక్కడ పెడితే ఇల్లొస్తదా అమ్మా?" అంది ఆ పిల్ల.

"నాకు తెల్వది. కుంట నిలుస్తది. అది తెలుసు."

ఆ పిల్ల కింద కుంట వైపు, దాని గట్టున నిలబడ్డ బీరప్ప వైపు చూసింది. రాయి ఎత్తుకుని దిగింది. మొగుడు నన్ను వదిలేసి ఇంకో రాయి ఎత్తాడు. కట్టలో పెట్టి ఫోటో దిగారు. ఆ ఫోటో ఎన్ని ఫోన్లకు పోయిందో ఏమో, ఆ తర్వాతి ఆదివారాలు కొందరు రాళ్లు పైకి మోసే బదులు కట్ట దగ్గరే ఆగారు. అందరూ కాదు. అందరూ మారిపోయారని రాస్తే ఆమె లేచొచ్చి చెవి మెలేస్తుంది. ప్లేట్లు ఇప్పటికీ ఎగురుతున్నాయి.

ఆ రోజు దిగేటప్పుడు నేను అలిగి ముందు నడిచాను. "నిన్ను తిట్టకుంటె నన్ను అనుమానిద్దురు. నన్ను అనుమానిస్తే కట్టను గూడ అనుమానిస్తరు" అంది వెనక నుంచి.

"మరి కిటికీ?"

"అది నువ్వే."

"కాదు టీచరమ్మా."

ఆమె ఆగి నా చేతులు చూసింది. సున్నం అంటుకుని, గోళ్లు చిట్లి ఉన్నాయి. నన్ను దాటుకుని దిగింది. నమ్మిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

ఆమెను మట్టి చేసినప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. పక్కన నిలబడ్డ కిరాణా సేటు చెవి దగ్గరకొచ్చి, "ఈ ఏడుపు నిజంగనేనా?" అన్నాడు. మబ్బు అప్పటికే కమ్ముకుంది. సాయంత్రానికి ఈ ఏటి మొదటి పెద్ద వాన దంచి కొట్టింది.

తెల్లారి బీరప్ప పిలిస్తే గుట్టకు పోయాం. ఒకచోట కట్ట తెగింది. ఎవరో అక్కడ మళ్లీ రాళ్లు తీశారు. తక్కిన చోట్ల ఎర్రమట్టి కట్టకు ఎగువనే ఆగిపోయి ఉంది. రాళ్ల సందుల్లోంచి నీళ్లు సన్నగా, తేటగా కారుతున్నాయి. కుంట సగం దాకా నిండింది.

మంద ముందు నడిచే ముసలి గొర్రె గట్టు మీద ఆగింది. బీరప్ప అదిలించాడు, కదల్లేదు. ముందు కాలు నీళ్లలో పెట్టి వెంటనే తీసేసింది. మూతి దించి వాసన చూసింది. పక్కకు జరిగి ఇంకోచోట కాలు పెట్టింది. కింద గట్టినేల తగిలినట్టుంది, ఈసారి తీయలేదు. రెండో కాలు కూడా పెట్టి మెల్లగా మెడ వంచింది. వెనకున్న మంద అరవకుండా, తోసుకోకుండా నిలబడి, ఆ ముసలిదాని గొంతులోకి నీళ్లు దిగడం చూస్తోంది.