సుగుణక్క చదివి వినిపించేది

మేడ్చల్‌లో నాదొక చిన్న జిరాక్స్ షాపు. మిషన్ అద్దం మీద ఫోన్ పెట్టడం నా చెడ్డ అలవాటు. మెసేజ్ వచ్చినప్పుడల్లా అద్దం జర్రుమంటుంది. ఈ ఉదయం మిషన్ వేడెక్కి ఆ కమిలిన కాగితపు వాసన ఇంకా రాకముందే అది ఆగకుండా జర్రుమనడం మొదలుపెట్టింది. వార్డు ఎన్నికల మాట ఎత్తితే చాలు, మా రాజకీయ చర్చల గ్రూపుకు పూనకం వస్తుంది. మేడ్చల్, షామీర్‌పేట, కీసర వైపు ఊళ్లవాళ్లు, అన్ని పార్టీలవాళ్లూ అందులో ఉన్నారు. దానికి నేను మాడరేటర్‌ని. జీతం లేదు, సెలవు లేదు, తిట్లకు మాత్రం కొదవ లేదు. వీళ్లు నన్ను వాళ్ల చెంచా అంటారు, వాళ్లు వీళ్ల చెంచా అంటారు. కొట్లాట మంచి పాకాన పడ్డప్పుడు ఒకాయన మందార పువ్వుతో శుభోదయం పెడతాడు. తీసేస్తే ఆధార్ కాపీ కోసం వచ్చి, పువ్వు ఏ పార్టీకి అడ్డమొచ్చిందో చెప్పమని కౌంటర్ దగ్గరే నిలబడతాడు. ఈ పీడను నా నెత్తిన పెట్టి పోయిన మనిషి సుగుణక్క.

ఆమె రిటైరైన బస్ కండక్టర్. షామీర్‌పేట దగ్గర చేపలు పట్టే కుటుంబంలో పుట్టింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ బస్సులో రాజకీయాలు వినీ వినీ, ఇంట్లో కూర్చున్నాక తోచక ఈ గ్రూపు మొదలుపెట్టింది. "బస్సుల ఎంత కొట్లాడుకున్నా అందరు గదే బస్సుల పోవాలె గద తమ్మి" అనేది. ఆమె నాకు పరిచయమైంది నా తప్పుతోనే. ఒక లెక్కల మాస్టారు మా పార్టీని ఏదో అన్నాడని, ఆయన పుట్టుక మీద నాలుగు లైన్లు రాసి గ్రూపులో పడేశాను. పది నిమిషాల్లో ఫోన్.

"తమ్మి, షామీర్‌పేట కెల్లి సుగుణను మాట్లాడుతున్న. నువ్వు పెట్టింది నీకే సదివి వినిపిస్త. జర ఆగు, అద్దాలు పెట్టుకోనియ్యి."

చదివింది. కోపం లేదు, వెటకారం లేదు. బస్సులో స్టేజీల పేర్లు చెప్పినట్టు, ఒక్కో మాటా విడదీసి చదివింది. "దీని ఎనక మూడు నిప్పుబొమ్మలు పెట్టినవ్" అని అది కూడా చెప్పింది. ఆ మాటలు ఒక పెద్దావిడ నోట వింటుంటే నా చెవులు కాలిపోయాయి. "ఉంచమంటవా?" అంది. అప్పుడే తీసేశాను. ఆమె పద్ధతి అంతే. ఎవరి మెసేజీ అయినా తీసేముందు వాళ్లకు ఫోన్ చేసి చదివి వినిపించాలి. నెల తిరక్కముందే, "నీకు సిగ్గుంది తమ్మి, జర నువ్వు గూడ చూడరాదు" అని నన్ను మాడరేటర్‌ని చేసింది.

ఆ పద్ధతితో నేను పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. ఒకడు ఫోన్ ఎత్తడు. ఇంకొకడు ఎత్తి, భోజనం చేస్తున్నానంటాడు. ఈలోగా ఆ మెసేజీ కింద ముప్పై మంది కొట్టుకుంటూ ఉంటారు. నాకు ఓపిక నశించింది. బూతు మాటలన్నీ ఒక జాబితా రాసుకున్నాను. అందులో మాట కనబడితే మెసేజీ తీసెయ్, మనిషిని బయటికి పంపెయ్. ఫోన్లూ లేవు, బతిమాలడాలూ లేవు. గ్రూపు రెండు వారాల్లో శుభ్రపడింది. అక్కకు చెప్పకుండా చేసిన పనే అయినా, ఎంత గొప్ప పని చేశానో అని నాలో నేనే మురిసిపోయాను.

ఒకరోజు మధ్యాహ్నం ఆమె చెప్పాపెట్టకుండా బస్సెక్కి షాపుకు వచ్చింది. నీళ్లిస్తే తాగలేదు. స్టూలు మీద కూర్చుని తన ఫోన్ నా చేతిలో పెట్టింది. "ఇయ్యాల నువ్వు సదువు, నేను వింట" అంది. తెరమీద నేను పొద్దున తీసేసిన ఎల్లయ్య మెసేజీ ఉంది. నేను తీయకముందే ఆమె దాన్ని ఫొటోగా దాచి ఉంచింది. ఎల్లయ్య నాతో బడిలో ఒకే బెంచీ మీద చదివినవాడు. చేపలే వాళ్లకు ఆధారం. చదివాను. "మా కుంటల లారీలకొద్ది మట్టి పోస్తుండ్రు. చేపపిల్లలను ఇడిచి నెల గాలే. అడిగితె కొట్టనీకి వస్తుండ్రు." ఆ తర్వాత మట్టి పోసేవాళ్ల తల్లిమీద ఒక తిట్టు. ఆ తిట్టు కోసమే నేను మెసేజీ తీసి, ఎల్లయ్యను గ్రూపులోంచి పంపేశాను.

"ఇగ గిది సదువు."

అది ఎల్లయ్య మెసేజీకి జవాబుగా మా బావ పెట్టింది. అంటే మా సొంత అక్క భర్త. మా రెండు కుటుంబాలూ పొలాలు వదిలి ప్లాట్ల వ్యాపారంలోకి దిగినవే. "పెద్దలందరికీ నమస్కారం. అభివృద్ధికి అడ్డుపడుతున్న సోదరుల వివరాలు మా వద్ద ఉన్నాయి. వారి పిల్లలు ఏ బస్సులో బడికి వెళ్తారో కూడా తెలుసు. దయచేసి ఆలోచించుకోగలరు." పొద్దున ఇదే మెసేజీ చూసి, మర్యాదగా ఉందని దాటుకుపోయాను.

"మీ బావ అని ఉంచినవా, నమస్కారం పెట్టిండని ఉంచినవా?"

"నమస్కారం పెట్టిండనే అక్కా." అబద్ధం చెప్పలేదు.

"అట్లయితే ఇంక పరేషాన్. బావ అని ఉంచితే ఒక్కనాడు జేస్తవ్. గిట్లయితే రోజు జేస్తవ్."

నాకు ఆమె మీద కోపం వచ్చింది. నా మీద అంతకంటే ఎక్కువ వచ్చింది. ఆమె ముందే బావకు ఫోన్ చేసి, మెసేజీ చదవడం మొదలుపెట్టాను. సగంలోనే ఆయన, "నాకెందుకు సదువుతవ్? మీ అక్కకు సదువు" అని ఫోన్ మా అక్క చేతికిచ్చాడు. నేను వెనక్కి తగ్గుతాననుకున్నాడు. మా అక్కకు మొదటినుంచి చివరిదాకా చదివాను. అంతా వింది. తర్వాత, "పిల్లల ముచ్చట గూడ రాసిండా?" అంది. ఆ మెసేజీని నేనే తీసేశాను. బావ గ్రూపులోంచి పోయాడు, ఆనాటినుంచి మా ఇంటి గడప తొక్కడం మానేశాడు. మా అక్క ఒక్కతే వచ్చిపోతుంది.

సుగుణక్క ఇంకా స్టూలు మీద ఉండగానే ఎల్లయ్యకు కూడా ఫోన్ చేశాను. అంతకుముందు నా ఫోన్ ఎత్తితే "ఏందిర బై" అనేవాడు. తప్పయిందని, మళ్లీ చేరమని అడిగాను.

"ఎందుకులే పటేలా. మీ గ్రూపు, మీరు మాట్లాడుకోండ్రి."

పటేలా. మా నాయినను వాళ్ల నాయిన చేతులు కట్టుకుని పిలిచే పిలుపు అది. మా ఇద్దరి మధ్య ఆ మాట ఎప్పుడూ రాలేదు. ఫోన్ పెట్టేసి సుగుణక్క మీద ఎగిరాను. "తప్పు ఒప్పుకున్న, బావను దూరం జేసుకున్న. ఇంకేం జెయ్యాలె?"

"తీసెయ్యకముందు ఒక్క ఫోన్ జేస్తే అయిపోతుండె" అంది. "గా తిట్టు ఒక్కటి తియ్యి అంటే వాడే తీస్తుండె." అప్పుడు నీళ్లు తాగి, బస్సుకు వేళవుతోందని లేచింది.

పోయిన ఎండాకాలం జ్వరంతో నాలుగు రోజులుండి సుగుణక్క కన్నుమూసింది. ఏడ్చాను. ఇంతమంది మొండివాళ్లను నాకు అప్పజెప్పి పోయిందని విసుక్కున్నాను కూడా. ఆ జాబితా చింపేశాను. ఇప్పుడు నేనే ఫోన్లు చేస్తాను, చదివి వినిపిస్తాను, నానా మాటలు పడతాను. మర్యాదగా రాసినవాటిని రెండుసార్లు చదువుతాను. ఆమె లేదే అని రోజూ అనిపిస్తుంది.

మొన్న ఎల్లయ్య కాపీల కోసం షాపుకు వచ్చాడు. ఒకప్పుడు సరాసరి లోపలికొచ్చి నా స్టూలు లాక్కునేవాడు. ఇప్పుడు కౌంటర్ బయటే నిలబడి, వరసలో తన వంతు వచ్చేదాకా ఆగాడు. కాపీలు అందిస్తూ, "ఎల్లయ్యా, ఒక్కసారన్న నన్ను తిట్టరాదుర" అన్నాను.

"మిమ్మల్నెట్ల తిడుత పటేలా" అని, కాగితాలు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.