మలక్‌పేట బ్రిడ్జంత నోరు

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజుల్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ చదివేదాన్ని. బంద్ అంటే కాలేజీ ఉండదు. కాలేజీ లేకపోతే మా గుంపుకు ఫేస్‌బుక్ తప్ప వేరే పని ఉండేది కాదు. గుంపంటే ఆరుగురు ఆడపిల్లలం. మాలో మంచి కెమెరా ఫోను ఉన్న పిల్లే మా నాయకురాలు. ఆమెను ఎవరూ ఎన్నుకోలేదు.

ఒక బంద్ రోజు ఆమె నా ఫోటో ఒకటి పెట్టింది. బస్టాపులో నోరంతా తెరిచి ఆవలిస్తున్నాను. కింద రాసింది: "మలక్‌పేట రైలు బ్రిడ్జి. లారీలు గూడ దూరిపోతయ్."

గుంపంతా లైకులు కొట్టింది. ఆ బ్రిడ్జి కింద రోడ్డు చిన్న వానకే చెరువవుతుంది. బెంచీ మీద రోజూ నా పక్కనే కూర్చునే పిల్ల అయితే, "వానొస్తే నీళ్లు నిలుస్తయా?" అని రాసింది. నేను ఏడుస్తుంటే మా చెల్లె తొంగిచూసి, "అక్కా, జోకు మాత్రం మంచిగున్నది" అంది. ఇంటి ఓదార్పు అంతవరకే.

కాలేజీ తెరవగానే నా పక్క పిల్లను పట్టుకున్నాను.

"ఎందుకు రాసినవే?"

"అందరు రాసిన్రు. నేనొక్కదాన్నే ఊకుంటే రేపు నా ఫోటో పెడ్తరు."

మిగతా ముగ్గురినీ విడివిడిగా అడిగాను. అదే జవాబు. గుంటూరు నుంచి వచ్చి చైతన్యపురిలో స్థిరపడిన వాళ్ల పిల్ల ఇంకో మాట కూడా చెప్పింది: "నాకసలు నవ్వే రాలేదే. భయమేసి హహహ అని కొట్టేశాను." నాకు అంతకంటే కోపం వచ్చింది. నవ్వు రాని జోకుకా నేను రాత్రంతా ఏడ్చింది!

మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పుతుండగా నాయకురాలిని అడిగాను, ఫోటో తీసెయ్యమని.

"అందరు నవ్విన్రు గదా. నీకొక్కదానికే ఏంది పరేషాని?"

"ఎవరికి నవ్వొచ్చిందో ఇప్పుడు చెప్పమను."

అందరూ అన్నంలోకి చూశారు. నా పక్క పిల్ల పచ్చడి కలుపుతూనే ఉంది. చివరికి గుంటూరు పిల్ల, "నాకు రాలేదు. తీసెయ్యవే" అంది. అప్పుడు ఇంకొకతె, "నాగ్గూడ రాలే" అంది. నాయకురాలు డబ్బా మూసి లేచిపోయింది. సాయంత్రానికి ఫోటో పోయింది.

నా పక్క పిల్లతో మాత్రం పరీక్షల దాకా మాట్లాడలేదు.

ఫోటో పోయిన వారమే రాస్తారోకోతో బస్సులు ఆగిపోయాయి. గుంటూరు పిల్ల ఎల్బీనగర్‌లో మా ఇంటికి వస్తానంది. తెలంగాణ వస్తదని నేను, రాదని ఆమె, దారి పొడుగునా మొహం మీదే తిట్టుకుంటూ ఇంటి దాకా నడిచాం. ప్రాణం ఎంత హాయిగా ఉందో.