అడగకుండా మార్చిన బ్యాటరీ

మా నాన్న చొక్కాల్లో చిల్లు లేనిది ఒక్కటీ ఉండేది కాదు. భిలాయి స్టీలు ప్లాంటులో ఆయన పని బ్యాటరీ రూమ్‌లో. యాసిడ్ చుక్క పడ్డ చోటల్లా ఉతికేసరికి గుడ్డ పోయేది. పెళ్ళిళ్ళకని అమ్మ ఒక మంచి చొక్కా బీరువాలో పెట్టి తాళం వేస్తే, దాన్నీ ఒక ఆదివారం ఎవరిదో బ్యాటరీ చూడ్డానికి వేసుకుపోయి పాడుచేసుకొచ్చాడు. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు.

మేముండేది సెక్టర్ 7 క్వార్టర్లో. తొంభైల మొదట్లో, రిటైరై సొంతూరు వెళ్ళిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర నాన్న పాత కారు కొన్నాడు. కారు కొన్నాడనే గాని ఆయన ప్రాణమంతా దాని బ్యాటరీ మీదే. నెలకోసారి బానెట్ ఎత్తి, టెర్మినల్స్ మీద పేరుకున్న తెల్లటి చిలుముని తినే సోడా కలిపిన వేడినీళ్ళతో కడిగి, తుడిచి, వాజలీన్ రాసేవాడు. మూతలు తీసి గడి గడికీ డిస్టిల్డ్ వాటర్ పోసేవాడు. సెక్టర్లో సగంమంది ఫ్రిజ్‌లో కరిగిన ఐసు నీళ్ళే పట్టి పోసేవాళ్ళు. అది చూస్తే ఆయనకు ఒళ్ళు మండేది. "ఆ నీల్లు నువ్వు తాగుతావేటి? నువ్వు తాగనివి దానికెందుకు పోస్తావు?" అని మొహం మీదే అడిగేసేవాడు.

ఇక కొత్త బ్యాటరీ అంటే ఇంట్లో శుభకార్యమే. అప్పట్లో అవి యాసిడ్ లేకుండా పొడిగా వచ్చేవి, అడిగితే దుకాణంలోనే నింపి ఇచ్చేవారు. మా తెలుగువాళ్ళు మాత్రం నింపనివ్వకుండా, పొడిదే పట్టుకుని తిన్నగా మా వరండాకు వచ్చేవారు. నాన్న దానికి బొట్టు పెట్టి, గాజు గరాటుతో యాసిడ్ పోసి, మర్నాటిదాకా నెమ్మదిగా చార్జింగ్ పెట్టి ఇచ్చేవాడు. మొదటి చార్జింగ్‌లో తొందరపడితే బ్యాటరీ ఆయుష్షు సగమైపోతుందని ఆయన గట్టి నమ్మకం.

నాకు ఇరవైమూడేళ్ళప్పుడు ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. చెవులూ బుర్రా మాత్రం బాగానే ఉన్నాయని డాక్టరు చెప్పాడు. అవునంటే కళ్ళు మూసేవాడు, కాదంటే ఎడమచెయ్యి ఊపేవాడు. ఒక్క సంగతి తెలుసుకోవాలంటే పది ప్రశ్నలు వెయ్యాలి. మంచినీళ్ళా, దిండా, కిటికీ వెయ్యాలా అని అమ్మ ఓపిగ్గా అడిగేది. నాకు అంత ఓపిక లేదు. సెక్టర్ 4 స్కూల్లో టీచరుగా అప్పుడే చేరాను, పొద్దున లేస్తే పరుగే.

అయినా ఒక్క పని మానలేదు. రోజూ స్కూలుకి వెళ్ళేముందు నాన్నను కుర్చీతో సహా వరండాలోకి లాగి, కారు స్టార్ట్ చేసి కాసేపు ఇంజన్ నడిపేదాన్ని. బ్యాటరీ బాగా పాతబడింది. ఇంజన్ మూలిగి, ఆగి, మళ్ళీ మూలిగి, మూడోసారికో నాలుగోసారికో లేచేది. అంతసేపూ నాన్న మెడ ముందుకు చాచి వినేవాడు. ఇంజన్ లేవగానే ఎడమచేత్తో కుర్చీ మీద ఒక్క చరుపు చరిచేవాడు. తను కాపాడుకొచ్చిన బ్యాటరీ ఇంకా పనిచేస్తోందని ఆయన సంబరం. మందులకన్నా అదే ఆయన్ని నిలబెడుతోందని అమ్మ అనేది. నేనూ నమ్మాను.

ఆ ఏడు విశ్వకర్మ పూజ దగ్గరపడింది. భిలాయిలో ఆ రోజు ప్రతి యంత్రానికీ, ప్రతి బండికీ దండ పడాల్సిందే. సరిగ్గా నాలుగురోజుల ముందు మా కారు ససేమిరా అంది. ఆరుసార్లు తిప్పినా లేవలేదు. నాన్న చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

దగ్గర్లోని రుఆబాంధా బస్తీ నుంచి మెకానిక్ వచ్చి, మీటరు పెట్టి చూశాడు. "దీదీ, ఇస్‌మే అబ్ జాన్ నహీ" అన్నాడు, దాని ప్రాణం పోయిందని తేల్చేస్తూ. మర్నాడు స్కూలు నుంచి వస్తూ అతన్ని వెంటబెట్టుకుని మార్కెట్‌కి వెళ్ళాను. పొడిగా ఇవ్వాలా, నింపి ఇవ్వాలా అని దుకాణదారు అడిగాడు. ఒక్క క్షణం ఆగాను. పొడిది తీసుకెళ్తే గరాటు నాన్న ఎడమచేతిలో పెట్టి, ఆ చెయ్యి నేను పట్టుకుని, ఎంతవరకు పొయ్యాలో ప్రశ్న మీద ప్రశ్న అడగాలి. ఒక పూటంతా పోతుంది. నింపేయమన్నాను. నాన్న నిద్రపోతున్న వేళ చూసి కొత్తది బిగింపించి, పాతది మెకానిక్‌కే ఇచ్చి పంపేశాను. పూజ రోజు ఆయన్ని సంతోషపెట్టడానికే ఇదంతా అని నాకు నేను చెప్పుకున్నాను.

పూజ నాడు కారు కడిగి దండ వేశాం. అమ్మ కొబ్బరికాయ పట్టుకుని నిలబడింది. తాళం తిప్పీ తిప్పకముందే ఇంజన్ అందుకుంది. గొప్పగా వెనక్కి తిరిగి చూశాను.

నాన్న చెయ్యి లేవలేదు. బానెట్ వైపే చూస్తున్నాడు. పాతికేళ్ళు బ్యాటరీల మధ్య బతికిన మనిషికి ఆ చప్పుడొక్కటి చాలు. నోరు ఒక పక్కకి లాగుకుపోయి, గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. ఆయన ఏడుస్తున్నాడని అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది.

అమ్మ కొబ్బరికాయ కింద పెట్టేసి నా దగ్గరికి వచ్చింది.

"ఏటి సేసినావే?"

"బ్యాటరీ మార్చానమ్మా. కొత్తది."

"ఎవులు నింపినారు?"

"షాపులోనే."

"నాన్ననొకపాలి అడిగినావేటే?"

నేను ఇంజన్ ఆపేశాను.

"నోరు పోనాది గానీ, మనిసి పోనేదు గదే" అంది అమ్మ.

ఆ తర్వాత నాన్న వరండాలోకి రావడం మానేశాడు. కుర్చీ జరపబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపేవాడు. అప్పటికి నాకు బుద్ధొచ్చి అన్నీ అడగడం మొదలుపెట్టాను. ఏం కూర వండాలి, ఫ్యాను వెయ్యనా, పేపరు చదవనా అని పక్కనే కూర్చుని అడిగేదాన్ని. అన్నిటికీ జవాబు చెప్పేవాడు. కారు మాటెత్తితే మాత్రం గోడవైపు తిరిగిపోయేవాడు. చలికాలం గడవకుండానే ఆయన వెళ్ళిపోయాడు.

ఆ మూడు నెలల్లో ఆయన్ని ఎన్నో అడిగాను. నా మీద కోపం పోయిందా నాన్నా అని మాత్రం అడగలేదు. కాదంటాడేమోనని భయం.