చింతపండుకు వదిలిపోయిన నీలం రంగు

2006వ సంవత్సరం. మదనపల్లెలో మా వెండి అంగడి మా మామగారి చేతి నుంచి నా చేతికి వచ్చి అప్పటికే చాలా కాలమైంది. పట్టీలు, మొలతాళ్ళు, కుందులు, పూజగిన్నెలు మా వ్యాపారం. పాత నాణేలు చూసి వాటి మంచి చెడ్డలు చెప్పడం నా సరదా. సరదాగా మొదలైందే గానీ, మదనపల్లె నుంచి కుప్పం దాకా పాత వెండి నాణెం కొన్న ప్రతివాడూ నా బల్ల ముందుకొచ్చి కూర్చునేంత దూరం వెళ్ళింది. ఈ మాట చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. వెండిని చూడటం నాకు వచ్చు.

ఆ రోజుల్లోనే ఇంటర్నెట్‌లో నాణేలు కొనే పిచ్చి మొదలైంది. నెట్ సెంటర్లో కూర్చుని ఎక్కడో అమెరికాలో ఉన్నవాడి దగ్గర పాత వెండి డాలర్ కొనడం, అది పోస్టులో వచ్చాక నా దగ్గరికి పరిగెత్తుకు రావడం. కొనేముందు ఒక్కడూ అడగడు. ఫోటో చూసి పెళ్ళిచూపులు ముగించేస్తారు, కాపురానికొచ్చాక నన్ను పంచాయితీకి పిలుస్తారు.

ఇలాంటి డాలర్‌లో రెండు సంగతులు చూడాలి. ఒకటి గ్రేడ్, అంటే నాణెం ఎంత అరిగిందన్న అంచనా. టంకశాల నుంచి బయటికొచ్చి ఎవరి చేతుల్లోనూ నలగనిదాన్ని మింట్ స్టేట్ అంటారు, దానికి అరవై నుంచి డెబ్బై దాకా అంకె వేస్తారు. రెండోది టోనింగ్. గాలికి, చుట్టిపెట్టిన కాగితానికి, గుడ్డకు వెండి ఏళ్ళ తరబడి రంగు మారుతుంది. మన ఇళ్ళలో దాన్ని మసి అంటాం, తోమేస్తాం. నాణేలు సేకరించేవాళ్ళు ఆ రంగు కోసమే ప్రాణం పెడతారు. తోమిన నాణేన్ని వాళ్ళు కన్నెత్తి చూడరు.

చెంగలప్ప అలాంటివాడే. కుప్పంలో గ్రానైట్ పాలిష్ యూనిట్ నడుపుతాడు. పొద్దస్తమానం రాళ్ళకు మెరుగు పెట్టించే మనిషి, మెరుగు పెట్టని వెండి కోసం పడి చచ్చేవాడు. ఆ ఏడు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం వచ్చి, వెల్వెట్ డబ్బా ఒకటి బల్ల మీద పెట్టి కూర్చున్నాడు.

తెరిచి చూశాను. అమెరికా వెండి డాలర్. ఒకవైపు కిరీటం పెట్టుకున్న ఆడమనిషి తల, ఇంకోవైపు రెక్కలు చాపిన గద్ద. అప్పుడే తోమి బోర్లించిన చెంబులా తళతళలాడుతోంది. డబ్బా పక్కనే అమ్మినవాడి పేజీని కలర్ ప్రింటు తీసి పెట్టాడు. అందులో ఇదే నాణెం నీలంగా, మధ్యలో ఊదారంగుతో నెమలి మెడలా ఉంది. కింద ‘మింట్ స్టేట్ 64’ అని గొప్పగా రాసుంది.

జరిగింది నెమ్మదిగా చెప్పాడు. నాణేన్ని అల్మారాలో పెట్టుకున్నాడు. వాళ్ళమ్మ గంగులమ్మ శుక్రవారం ఇల్లు సర్దుతూ దాన్ని చూసింది. కిరీటం పెట్టుకున్న ఆడమనిషి ముఖం చూసి అమ్మవారనుకుంది. అమ్మవారి ముఖానికి అంత మసి పట్టించి మూల పెట్టినందుకు కొడుకును తిట్టుకుని, నానబెట్టిన చింతపండుతో, విభూతితో తోమి, పసుపు కుంకుమ పెట్టి దేవుని గూట్లో ఉంచింది. సాయంత్రం వీడొచ్చి చూసుకుని పనివాళ్ళ ఎదుటే అరిచాడు. ఇంక నా వస్తువు ముట్టబాక అన్నాడు. ఆమె గుడ్డలు సర్దుకుని పుంగనూరులో కూతురింటికి వెళ్ళిపోయింది. నెల దాటినా రాలేదు. కొడుకుది అపురూపమైన వస్తువు నాశనం చేశానని ఆమె అక్కడ కుమిలిపోతోందని చెల్లెలు ఫోన్ చేస్తూనే ఉంది.

“అక్కా, నువ్వు పట్టీలకు నలుపు పెడతావు గదా. దీనికీ ఆ నీలం మళ్ళా పెట్టు. అమ్మకు సూపించి, ఏం కాలేదు సూడుమా అని చెప్పి పిల్చుకొస్తా,” అన్నాడు.

వాడి మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది. మా అంగడి వెనక గంధకం మందులో ముంచి పట్టీలకు నలుపు పెట్టే పని ఉన్న మాట నిజమే. దాన్ని ఆక్సిడైజ్ చేయడం అంటాం. తలచుకుంటే సాయంత్రానికల్లా ఆ ఫోటోలో కన్నా మంచి నీలం తెప్పించగలను. కానీ నాణెం మీద దొంగ రంగు పెట్టిన చేత్తో రేపు ఇంకో నాణేన్ని పట్టుకుని ఇది అసలు, ఇది నకిలీ అని ఎలా చెబుతాను?

పెట్టగలను, పెట్టను అని చెప్పేశాను. ఆపైన అడిగాను, “కుప్పం నుంచి పుంగనూరు మీదనే గదా వచ్చినావు. ఆడ దిగలేదా?”

“ఏం మొగం పెట్టుకోని దిగేదక్కా.”

ముందు నాణెం సంగతి చూద్దామని లూప్ తీసుకున్నాను. గడియారాలవాళ్ళు కంటికి పెట్టుకునే భూతద్దం లాంటిదది. నిజం చెప్పొద్దూ, నాకు భయంగానే ఉంది. రంగు అసలుదని తేలితే, గంగులమ్మ మంచి నాణేన్ని పాడుచేసిందని నా నోటితోనే చెప్పాలి. అబద్ధం చెప్పి ఊరుకోబెట్టే పని నాకు చేతకాదు.

చింతపండుతో ఎంత తోమినా అది అక్షరాల సందుల్లోకి, గద్ద ఈకల మధ్యకు పూర్తిగా పోదు. అక్కడ నీలం కొంచెం మిగిలి ఉంది. దాని అంచు చూశాను. వెండికి రంగు ఒక వరసలో వస్తుంది. ముందు లేత పసుపు, తర్వాత తేనె రంగు, ఆపైన వంకాయ రంగు, అప్పుడు గానీ నీలం రాదు. అంచు నుంచి మొదలై లోపలికి పాకుతుంది. ఇక్కడ తెల్లటి వెండి, దాని పక్కనే ఒక్కసారిగా నీలం. మధ్యలో పసుపు జాడే లేదు. ఫోటోలో చూసినా అంతే.

తర్వాత గీతలు. తోమిన వెండి మీద వెంట్రుకల్లాంటి సన్నగీతలు పడతాయి, వాటిని హెయిర్‌లైన్స్ అంటారు. గంగులమ్మ తోమిన గీతలు గుండ్రంగా, కొత్తగా మెరుస్తున్నాయి. వాటి కింద ఇంకో రకం గీతలున్నాయి. అన్నీ ఒకే దిక్కుకు, నిలువుగా. రంగు మిగిలిన చోట ఆ నిలువు గీతల లోపలికి నీలం దిగి ఉంది. అంటే రంగుకన్నా ముందే ఎవడో దాన్ని గట్టిగా రుద్దాడు. ఆ గీతలు దాచడానికే పైన నీలం పూశారు. గ్రేడ్ కూడా అబద్ధమే. చెవి మీది జుట్టు, గద్ద రొమ్ము చదునై మసకబారి ఉన్నాయి. టంకశాలలో అచ్చు సరిగ్గా పడక చదునైతే అక్కడ మెరుపన్నా ఉంటుంది. ఇది జేబుల్లో తిరిగి అరిగిన నాణెం.

ఇదంతా చెబితే చెంగలప్ప నమ్మీనమ్మనట్టు తల ఊపాడు. అంత డబ్బు పోసి కొన్నవాడికి వెంటనే నమ్మబుద్ధి కాదు కదా. తోమిన మనిషినే అడుగుదాం పద అని అంగడి మా ఆయనకు అప్పజెప్పి, వాడితో పుంగనూరు బస్సెక్కాను.

గంగులమ్మ కూతురింటి వసారాలో వక్క కత్తిరిస్తూ కూర్చుని ఉంది. కొడుకును చూసి తల తిప్పుకుంది. నేను పక్కన కూర్చుని, నాణెం తోమినప్పుడు రంగు ఎట్టా పోయిందమ్మా అని అడిగాను. ఆమె ముందు నన్ను అనుమానంగా చూసింది, తిట్టడానికి వచ్చాననుకుందేమో. తర్వాత చెప్పింది.

“తోమకముందే పాయనమ్మా. చింతపండు అట్ట తగిలిచ్చినానో లేదో, నీలమంతా చేతి యేళ్ళకొచ్చేసింది. మా కుందులకైతే చేతులు నొప్పి పుట్టాల. ఇదేందో పూసినట్టుండాదే అనుకుంటి. ఆపైన మెరుపు కోసరం తోమినా.”

నేను చెంగలప్ప వైపు చూశాను. ఏళ్ళ తరబడి వెండిలో నుంచి పుట్టిన రంగు అంత తేలిగ్గా వదలదు. లూప్‌లో నేను చూసినదీ, ఆమె వేళ్ళు చూసినదీ ఒకటే. ఆమెకు అర్థమయ్యేలా చెప్పాను. “అమ్మా, నువ్వు పాడు చేసిందేమీ లేదు. అది నీ చేతికొచ్చేటప్పటికే పాడైపోయుండాది. అమ్మినోడు రంగు పూసి వీడి నెత్తిన పెట్టినాడు.”

గంగులమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. చెంగలప్ప అంత పెద్ద మనిషీ ఆమె కాళ్ళ దగ్గర కింద కూలబడ్డాడు. క్షమించమని నోరు తెరిచి అడగలేదు గానీ, ఆమె చేతిలోని అడకత్తెర తీసుకుని మిగిలిన వక్క తనే కత్తిరించడం మొదలుపెట్టాడు.

ఆకు వేసుకోవడానికి ఆమె నడుముకున్న వక్కాకు తిత్తి తీసింది. లోపలి మడతలోంచి చిన్న గుడ్డ మూట జారింది. అందులో రాజు తల ఉన్న పాత వెండి రూపాయి. నేను దాన్ని తీసుకుని వెలుగులో పట్టి చూశాను. అంచున నీలం, దాని లోపల వంకాయ రంగు, ఆపైన తేనె రంగు, నడిమధ్యన లేత పసుపు. ఒకదాంట్లోంచి ఒకటి పుట్టినట్టు వరసగా ఉన్నాయి. ఒక్క గీత లేదు. ఇన్నేళ్ళలో అంత నిక్కమైన టోనింగ్ నేను చూసింది తక్కువ.

దీన్ని ఎప్పుడూ తోమలేదా అని అడిగాను. “దేవుని సొమ్మైతే తోమాల. ఇది నాది, మాయమ్మ ఇచ్చింది. యాల తోమేది?” అంది.

చెంగలప్ప వక్క వదిలేసి ఆత్రంగా చెయ్యి చాపాడు. ఆమె నా దగ్గర రూపాయి అందుకుని మూట కట్టేసి తిత్తిలో వేసుకుంది. “నా వస్తువు ముట్టబాక,” అంది. అని తనే ముందు నవ్వింది. ఆ సాయంత్రం బస్సుకే కొడుకుతో కుప్పం వెళ్ళింది.

డాలర్ ఇప్పటికీ వాళ్ళ దేవుని గూట్లో ఉంది. ప్రతి శుక్రవారం దానికి తోముడు తప్పదు. వెండి మాత్రం మంచిదే కాబట్టి అమ్మవారికి కూడా అభ్యంతరం ఉండదనుకుంటాను.

ఆ కేసు తర్వాత నా పని తీరు మారింది. నాణెం బల్ల మీదికి రాగానే రంగు చూసి మురిసిపోవడం మానేశాను. రంగు కింద ఏముందో చూస్తాను. లూప్ తీసేముందు, దీన్ని ఎవరు ముట్టుకున్నారు, దేంతో తోమారు, అప్పుడు చేతికి ఏం తగిలింది అని అడుగుతాను. కంటితో చూసి చెప్పడమే నా విద్య అనుకునేదాన్ని. వెండిని చేతులతో ఎరిగినవాళ్ళ మాట కూడా అందులో భాగమేనని అప్పుడు తెలిసింది.

చెంగలప్ప ఇప్పుడు కొనేముందే ప్రింటు తీసుకుని వస్తాడు. వెంట గంగులమ్మ కూడా వస్తుంది. నేనడిగితే తిత్తి విప్పి, రూపాయిని అంచులతో పట్టుకుని నా అరచేతిలో పెడుతుంది. కొడుక్కి ఈరోజు వరకూ ఇవ్వలేదు. అమెరికాలో నాణేలకు గ్రేడ్ వేసి సీలు చేసిన డబ్బాలో పెట్టిస్తారట. ఆ రూపాయి నా చేతిలో పెట్టి నాకు గ్రేడ్ వేసింది మాత్రం గంగులమ్మ.