మా అత్త పంతం పట్టిన ఏడాది

తాళంచెవులు ఎక్కడ పెట్టానో, పొయ్యి మీద పాలు పెట్టానో లేదో గుర్తుండడం లేదని మొన్న నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. మా చిన్నదాని వయసుంటుంది. మందులేం అక్కర్లేదంది. రోజూ నడవమంది, కంటినిండా నిద్రపొమ్మంది, నలుగురితో మాట్లాడమంది, చేతులతో చేసే పని ఏదైనా కొత్తగా నేర్చుకోమంది. అన్నీ మంచి మాటలే. మా మేనత్త బతికుంటే మాత్రం ఆ చీటీలో అన్నిటికన్నా పైన పగ అని రాయించేది.

బోధన్ దగ్గరి ఊళ్లో అత్తకు మూడెకరాల చెరకు చేను ఉండేది. పిల్లల్లేరు. మామ పోయాక ఆ చేనును తానొక్కతే సాగు చేసుకునేది. చెరకు నరికిన రోజుల్లో బండ్ల ముందు తానే నడిచేది, ఆమె నోటికి ఎడ్లు కూడా బెదిరేవంటారు. తొంభైల మొదట్లో ఒక పొద్దున గట్టు మీద కూలిపోయింది. పక్షవాతం. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి, అంతటి నోరూ పడిపోయింది. నిజామాబాద్ దవాఖానలో ఆమె మంచం పక్కనే నిలబడి ఆమె మరిది మా బాపుతో అన్నాడు: "బావా, వదినెకు దిమాగ్ పోయింది. ఇగ గీమె మనిషి లెక్కల లేదు. చేను నేనే సూసుకుంట." అత్త కళ్లు తెరిచే ఉంది. ప్రతి మాటా విన్నది, బదులు చెప్పడానికి నాలుక తిరగలేదు. ఆ కళ్లల్లో నీళ్లు రాలేదు, నిప్పులొచ్చాయని మా అమ్మ చెప్పేది.

డాక్టరు ఇవ్వాల్సిన మందులిచ్చి, మిగతాదంతా చేతులూ కాళ్లూ ఆడించుకోవడమేనన్నాడు. బాపు ఆమెను మా ఇంటికి తెచ్చాడు. అమ్మ బీడీలు చేసేది. నాలుగోనాడో ఐదోనాడో అత్త ఎడమచేత్తో ఆకూ తంబాకూ ఉన్న అమ్మ చాటను తన ఒళ్లోకి లాక్కుంది. జన్మలో బీడీ చేసిన మనిషి కాదు. ఆమె మొదట చుట్టినవి కొన్ని బెండకాయల్లా, కొన్ని విప్పిన పొట్లాల్లా ఉండేవి. పడిపోయిన వేళ్లతోనే దారం చుట్టాలని పట్టు. నాలుక తిరగడానికి అమ్మ బోధన్ రైలు స్టేషన్ల పేర్లు చెప్పించేది. జానకంపేట, ఎడపల్లి, శక్కర్‌నగర్. అవేవీ పలకలేదు. రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం స్పష్టంగా పలికిన మొదటి మాట మరిది పేరు, దాని వెనకాలే అచ్చులో వేయలేని తిట్టు. అమ్మ చాట కింద పెట్టి చప్పట్లు కొట్టింది. "ఇంకోపారి అను వదినె, ఇంకోపారి!"

ఇక పొద్దున్నే నడక మొదలైంది. మొదట వీధి చివరిదాకా, తర్వాత రైలు గేటుదాకా. అడుగుకో తిట్టు. వాటిని వినడానికే వాడకట్టులో బీడీలు చేసే ఆడవాళ్లు నలుగురు ఆమె వెంట నడవసాగారు.

మరిది నెలకోసారి వచ్చి చూసి వెళ్లేవాడు. అతని స్కూటర్ చప్పుడు వినగానే అత్త మంచమెక్కి మూతి వంకర పెట్టి చొల్లు కార్చేది. "గట్లనే ఉన్నది" అని అమ్మ మొహం మాడ్చేది. నేను నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయేదాన్ని. అతను తృప్తిగా చాయ్ తాగి వెళ్లిపోయేవాడు.

అత్తకు మతిలేదు కాబట్టి చేను తన పేర రాయాలని అతను మండలాఫీసులో దరఖాస్తు పెట్టాడు. మనిషిని చూడందే కుదరదన్నాడు అధికారి. మరిది తానే ఆటో మాట్లాడి, ఊరి పెద్దమనుషులను వెంటబెట్టుకుని, అత్తను రెక్క పట్టి తీసుకెళ్లాడు. బాపూ, నేనూ వెనకాలే వెళ్లాం.

"సార్, పేరు గూడ చెప్పరాదు గీమెకు" అన్నాడు మరిది.

అత్త కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచింది. తన పేరు, మామ పేరు చెప్పింది. "నా చేనుకు తూర్పున కాలువ, పడమట సర్పంచ్ చేను, పైన బండ్ల బాట. కింద గీ నా మరిది చేను. మూడేండ్ల సంది నా గట్టును మూరెడు మూరెడు దున్నుకుంట వస్తున్నడు. కొలిపియ్యుండ్రి సార్. మతి ఎవలకు లేదో అప్పుడు రాయుండ్రి."

మరిది మొహం అప్పుడు చూడాలి. అధికారి నవ్వు దాచుకోవడానికి కాగితాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

చేను కొలిచారు. ఊరంతా చూస్తుండగా, మిట్టమధ్యాహ్నం, మరిదే హద్దురాళ్లు పీకి వెనక్కి జరపాల్సి వచ్చింది. అత్త గొడుగు కింద కూర్చుని చివరి రాయిదాకా కదల్లేదు. "జర అటు జరుపు" అని రెండుసార్లు అన్నది కూడా.

మర్నాటి నుంచి ఆమె మంచం దిగలేదు. "ఇగ ఏమున్నది నడువనీకి" అని గోడవైపు తిరిగింది. వారం తిరిగేసరికి వేళ్లు మళ్లీ బిగుసుకోసాగాయి. మేం బెదిరిపోయాం. ఎనిమిదోనాడు పొద్దున్నే ఆ నలుగురు ఆడవాళ్లు వచ్చి గుమ్మం ముందు నిలబడ్డారు. "అక్కా, లే. నీ తిట్లు లేక మాకు కాళ్లు కదుల్త లేవు." వాళ్లనే తిట్టుకుంటూ లేచింది.

చేను కౌలుకిచ్చి మా దగ్గరే ఉండిపోయింది. మరిదిని ఏనాడూ క్షమించలేదు. అతను పోయిన కబురొచ్చినప్పుడు "ఊఁ" అని, చేతిలోని బీడీకి దారం చుట్టడం పూర్తి చేసింది.

పగ ఆమెను నిలబెట్టింది ఒక్క ఏడాదే. ఆ తర్వాత పదిహేనేళ్లు నడిపించింది గుమ్మం ముందు ఆ నలుగురి గొంతులు. అవి ఒక్కొక్కటిగా ఆగిపోయి చాలా కాలమైంది, అయినా తెల్లారగానే నా చెవులు వీధివైపే ఉంటాయి.